నీళ్లు వెచ్చబడితే చేపకి మంచిదే కదా? ఆర్కిటిక్ తీరం గురించి ఒక చెరువు రైతు సందేహం

గోదారిగట్టు #1
భీమవరం దగ్గర పదెకరాల చెరువు చేస్తున్నా. శీలావతి, బొచ్చె. సంక్రాంతి ముందు చలి బిగిస్తే నా చేప మేత ముట్టదు, తవుడు సంచులు అలాగే ఉండిపోతాయి. ఎండ తగిలిందా, మళ్లీ ఎగబడి తింటుంది. ఏటా చూసే సంగతే ఇది.

మొన్న మా అబ్బాయి ఒక వీడియో చూపించాడు. అలాస్కా పైన ఆర్కిటిక్ సముద్రం వేడెక్కుతోందట, తీరం చేపలు మారిపోతున్నాయట, ఒకటే ఏడుపు. మళ్లీ అందులోనే మధ్యలో అంటాడు, వలల్లో ఇదివరకటికంటే ఎక్కువ రకాలు పడుతున్నాయని! చలి తగ్గి, చేప పెరిగి, కొత్త రకాలు కూడా వస్తుంటే ఏడవడం దేనికి? వెటకారం కాదు, తెలుసుకుందామనే అడుగుతున్నా. రాజకీయాలు వద్దు, చేప సంగతి చెప్పండి.

పచ్చిపులుసు #2
గంత చలిల చేప పడితే ఐసు ఖర్చు లేదన్నా. నీళ్లలకెళ్లి తీస్తనే ఫ్రోజెన్.

లెక్కలమాస్టారు #3
"ఎక్కువ రకాలు" అన్న మాట వినగానే నేను జేబు తడుముకుంటాను. వల ఎక్కువ రోజులు వేస్తే ఎక్కువ రకాలు పడతాయి. ఇరవై ఏళ్లు వేస్తే దారి తప్పి వచ్చినవన్నీ పట్టికలోకి ఎక్కుతాయి. అది చేపలు మారడం కాదు, పట్టిక పొడుగవడం. పైగా పసిఫిక్‌లో పది ఇరవై ఏళ్లకోసారి వేడి చలి తిరగబడుతూనే ఉంటాయి. ఎన్నేళ్ల లెక్క చూసి మాట్లాడుతున్నారో ముందు చెప్పమనండి.

ధ్రువపుచలి #4
అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో చదువుతున్నా. రెండు వేసవులు అలాస్కా పైనుండే బ్యూఫోర్ట్ సముద్రం ఒడ్డున వలల పనికి వెళ్లాను కాబట్టి కొంత చెప్పగలను. పొడుగైతే తిట్టుకోకండి.

ముందు మాస్టారికి. ఆ ఒడ్డునే ప్రూడో బే దగ్గర 1981 నుంచి దాదాపు ప్రతి వేసవీ వలలు వేస్తున్నారు. దాదాపు అవే చోట్లు, అదే తరహా వల. రోజూ వెళ్లడం, ఎత్తడం, రకం చూసి లెక్కపెట్టడం, కొన్నిటి పొడవు కొలవడం, తిరిగి నీళ్లలో వదిలేయడం. పోల్చేది కూడా ఒక వలకి ఒక రోజుకి ఎంత పడిందన్నదే. కాబట్టి మీ "పట్టిక పొడుగు" అభ్యంతరం సగమే నిలుస్తుంది. అరుదైన రకాల విషయంలో మాత్రం మీరన్నది నిజం. ఎప్పుడో ఒకటి పడితే దాన్ని పట్టుకుని కథలు అల్లకూడదు.

ఇప్పుడు గోదారిగట్టు గారికి. ఆ తీరం మీరనుకునే సముద్రం కాదండీ. వేసవిలో మెకెంజీ, కోల్విల్, సాగవానిర్‌టోక్ లాంటి నదులు వెచ్చటి మంచినీళ్లు తెచ్చి పోస్తాయి. ఆ నీళ్లు ఒడ్డు వెంబడి సన్నటి పట్టీలా పరుచుకుంటాయి. దానికి బయట సున్నాకి అటూ ఇటూ ఉండే ఉప్పునీళ్లు. ఆ పట్టీలోనే వైట్‌ఫిష్, సిస్కో, డాలీ వార్డెన్ లాంటి చేపలు రెండు మూడు నెలలు తిని, ఏడాదికి సరిపడా ఒంటికి పట్టించుకుని, చలికాలానికి నదుల్లోకి వెళ్లిపోతాయి. ఉప్పునీళ్లు ఒడ్డుకి దగ్గరైతే పోలార్ కాడ్ వస్తుంది. రెంటికీ తట్టుకునే నాలుగు కొమ్ముల స్కల్పిన్ ఎప్పుడూ ఉంటుంది, వల నిండా అదే, చేతికి గుచ్చుకుంటుంది.

మీరన్నదాంట్లో నిజం ఉంది. వెచ్చటి ఏడాదిలో వైట్‌ఫిష్, సిస్కో పిల్లలు బాగా పెరుగుతాయి. నష్టం వేరే చేపకి. పెద్ద కథ, రాత్రికి రాస్తా.

గోదారిగట్టు #5
ఆ వల ఎలాంటిది? మన కొల్లేట్లో వేసే మావుల్లాంటిదా?

ధ్రువపుచలి #6
సూత్రం అదే. ఒడ్డునుంచి పొడుగ్గా వల గోడ, చివర రెండు రెక్కలు, తర్వాత లోపలికి వెళ్తే బయటికి రాలేని సంచి. ఫైక్ వల అంటారు. మావు వెదురుతో చేస్తారు, ఇది నైలాన్‌తో. ఎత్తేటప్పుడు వేళ్లు మాత్రం మనవి కావనిపిస్తుంది.

హార్బర్_సుబ్బు #7
చేప చోటు మారడం కొత్తేం కాదు. మాది విశాఖ. నూనె కవ్వలంటే మా నాన్న రోజుల్లో కేరళ వాళ్ల చేప. 1990ల నుంచి మన వైపూ బాగా పడుతున్నాయని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లే రాశారు. కానాగంతలు కూడా పైపైకి జరుగుతున్నాయంటారు. మేమైతే ఏడవలేదు, వల కన్ను సైజు మార్చుకున్నాం.

ట్రోంసో_తెలుగోడు #8
#7 అన్నా, నీ కవ్వలకి పైకి జరగడానికి ఇంకా సముద్రం ఉంది. ఇక్కడ పైన ఏముంది? లోతైన గుంట, దాని మీద మంచు. తీరం వెంబడి లోతు తక్కువ నీళ్లలో బతికే చేప ఉత్తరానికి జరిగితే అడుగే అందదు.

నార్వే పైనున్న బేరెంట్స్ సముద్రంలో నార్వే, రష్యా వాళ్లు కలిసి 2004 నుంచి ప్రతి ఆగస్టు, సెప్టెంబర్లలో సర్వే చేస్తున్నారు. 2012 దాకా వచ్చిన లెక్కలతో 2015లో ఒక పేపర్ వచ్చింది. దక్షిణాన ఉండే కాడ్, హాడాక్ లాంటి పెద్ద చేపలు ఉత్తరానికి తోసుకొచ్చాయి. అక్కడే ఉండే స్నెయిల్‌ఫిష్, స్కల్పిన్ లాంటి చిన్నవి, అడుగున బతికేవి వెనక్కి తగ్గాయి. వచ్చినవాడు వేటగాడు, ఉన్నవాడు పొట్టివాడు. రకాల లెక్క పెరిగినట్టే కనిపిస్తుంది, కొన్నాళ్లు.

మధ్యతరగతి_మనిషి #9
అద్దె ఇంట్లోకి బంధువులు దిగితే మొదట్లో ఇల్లు కళకళలాడినట్టు.

అమ్మమ్మగారిల్లు #10
#9 😂 మా ఇంటి సంగతి మీకెలా తెలుసు

లెక్కలమాస్టారు #11
#8 మంచి సర్వేనే, ఒప్పుకుంటున్నా. కానీ తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లలో మా ఊరి చెరువు మూడుసార్లు ఎండి నాలుగుసార్లు నిండింది.

ట్రోంసో_తెలుగోడు #12
మాస్టారూ, మీరన్న ఊగులాట కూడా ఉంది, కాదనను. బేరెంట్స్ కాడ్ కోటా, అంటే ఏడాదికి ఎంత పట్టొచ్చో ఆ లెక్క చూడండి. 2013లో 10 లక్షల టన్నులు, అందరికీ పండగే. 2025కి 3 లక్షల 40 వేల టన్నులకి దిగింది, అప్పటికి 1991 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. అంతా వేడి వల్లే అనను, పట్టుడూ ఉంది, పిల్లల రాక బాగాలేకపోవడమూ ఉంది. "వేడెక్కితే కాడ్ పండుతుంది" అని 2013లో రాసినవాళ్లు ఇప్పుడు మాత్రం కనిపించట్లేదు.

గోదారిగట్టు #13
కాడ్ సంగతి సరే. #4లో నష్టం వేరే చేపకి అన్నారు, ఏ చేప? దానికి కావాల్సిన టెంపరేచర్ ఎంత? అది చెప్తే నాకు అర్థమవుతుంది.

ధ్రువపుచలి #14
పోలార్ కాడ్. జానెడు చేప. దాన్ని పెద్దగా కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. కానీ సీల్, బెలూగా, నార్వాల్, సముద్రపు పక్షులు, అన్నిటికీ అదే అన్నం. దాని నెత్తురు గడ్డకట్టదు, ఐసు పలుకులు పెరగకుండా ఆపే ప్రొటీన్లుంటాయి. మామూలు చేప నెత్తురు మైనస్ 1 దాటకముందే గడ్డకడుతుంది, అక్కడి సముద్రం మైనస్ 1.8 దాకా నీళ్లలాగే ఉంటుంది. ఆ తేడాలో బతకడానికి పుట్టిన చేప అది.

మీరు టెంపరేచర్ అడిగారు కాబట్టి: పిల్లల్ని ట్యాంకుల్లో పెంచి చూశారు. సున్నా డిగ్రీల్లో తక్కిన కాడ్ జాతులకంటే ఇదే బాగా పెరుగుతుంది. 7 డిగ్రీల దగ్గర దాని పెరుగుదల పీక్. ఆ పైన పడిపోతుంది. దాని దాయాది సాఫ్రాన్ కాడ్ ఉంది చూడండి, అది ఇంకో ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువైనా హాయిగా పెరుగుతుంది. ఒడ్డు నీళ్లు వెచ్చబడితే ఎవరిది పైచేయో మీరే చెప్పండి.

గుడ్డు సంగతి ఇంకా సున్నితం. చలికాలంలో పెట్టిన గుడ్డు తేలి మంచు అడుగుకి చేరుతుంది, అక్కడే పొదుగుతుంది. పెద్ద చేప 7 డిగ్రీలైనా ఓర్చుకుంటుందేమో గానీ గుడ్డుకి సున్నా చుట్టుపక్కలే ఉండాలి. మీ హ్యాచరీ వాళ్లనడగండి, పెద్ద చేప తట్టుకునేదంతా గుడ్డు తట్టుకోదని చెప్తారు.

గోదారిగట్టు #15
గుడ్డు మాట ఒప్పుకున్నా. కానీ ఒక కాడ్ పోయి ఇంకో కాడ్ వస్తే సీల్‌కి ఏం తేడా? మా చెరువులో శీలావతి బదులు పంగాసియస్ వేసినా కేజీ కేజీయే.

అమ్మమ్మగారిల్లు #16
కేజీ కేజీయేనా! పులసకీ ఇలసకీ తేడా లేదని గోదావరి ఒడ్డున కూర్చుని అన్నారా ఈ మాట?

పచ్చిపులుసు #17
పుస్తెలమ్మి పులస తినేటోళ్లు గిట్ల మాట్లాడొద్దు 😀

ధ్రువపుచలి #18
#16 అమ్మమ్మగారు సరిగ్గా చోటు మీద కొట్టారు. తేడా కొవ్వులో. చలిలో పెరిగిన పోలార్ కాడ్ కాలేయంలో నూనె దట్టించుకుంటుంది. సాఫ్రాన్ కాడ్ తిన్నదాన్ని పొడవు పెరగడానికి వాడుకుంటుంది, నూనె తక్కువ. అవి తినే పురుగుల్లో కూడా ఇదే తేడా. ఆర్కిటిక్ కలానస్ అనే రొయ్యపురుగు పెద్దది, నూనె బుడ్డిలా ఉంటుంది. అట్లాంటిక్ నీళ్లతో వచ్చే దాని బంధువు చిన్నది, నూనె తక్కువ. మీ భాషలో చెప్పాలంటే మేతలో ఫ్యాట్ పర్సంటేజ్ తగ్గింది, సంచి బరువు మాత్రం అంతే.

ఇంకోటి. వేడెక్కితే చేప ఎక్కువ తింటుందని #1లో మీరే రాశారు. మీ చెరువులో అయితే మీరు ఇంకో సంచి విప్పుతారు. ఏప్రిల్‌లో తెల్లవారుజామున చేప తేలితే ఏరియేటర్లు వేస్తారు. అక్కడ సంచి విప్పేదెవరు?

గోదారిగట్టు #19
ఇదీ మాట. మేత ఖర్చు కాలమ్ నేను చూడలేదు. రోజంతా ఇదే ఆలోచిస్తాను ఇక.

పక్షిలోకం #20
కెనడా హడ్సన్ బేలో కోట్స్ దీవి మీద మర్ అనే సముద్రపు పక్షులు పిల్లలకి ఏం తెచ్చి పెడుతున్నాయో 1980ల నుంచి గమనిస్తున్నారు. మొదట్లో ఎక్కువగా పోలార్ కాడే. 1990ల మధ్యకొచ్చేసరికి కాపెలిన్ అనే చిన్న చేప దాని చోటు తీసుకుంది. బోట్లు వేసుకుని సర్వే చేయలేని చోట పక్షి ముక్కే వల. ఎవరి గ్రాంటూ అక్కర్లేదు.

హార్బర్_సుబ్బు #21
కొత్త చేప వచ్చిందంటే ఊరుకుంటారా, పెద్ద పెద్ద ట్రాలర్లు దిగవూ? గ్రీన్‌లాండ్‌లో అదే అయిందని విన్నాను.

ట్రోంసో_తెలుగోడు #22
అయింది. 2011లో తూర్పు గ్రీన్‌లాండ్ నీళ్లలో మాకెరల్ అనే చేపను పట్టడం మొదలైంది. మూడు నాలుగేళ్లలో ఏడాదికి డెబ్బై వేల టన్నులు దాటింది, దేశం ఎగుమతుల్లో దాదాపు నాలుగో వంతు. 2012లో ఆ మాకెరల్ వెనకే వచ్చిన మూడు బ్లూఫిన్ ట్యూనాలు వలలో పడ్డాయి. ఆ తర్వాత మాకెరల్ మళ్లీ తూర్పుకి జారుకుంది. వచ్చిన చేప ఉంటానని బాండ్ రాయదు కదా. ఈ మధ్యలో ఐస్‌లాండ్‌కీ యూరప్ వాళ్లకీ కోటాల మీద తగవు, అది వేరే భాగవతం.

అలాస్కా పైన మాత్రం ముందే తలుపు వేశారు. చుక్చీ, బ్యూఫోర్ట్ సముద్రాల్లో అమెరికా 2009లోనే వ్యాపార వేట ఆపేసింది. నడి ఆర్కిటిక్‌లో కూడా 28 లక్షల చదరపు కిలోమీటర్ల మేర చేపలు పట్టకూడదని 2018లో సంతకాలు చేశారు, 2021 జూన్ నుంచి అమల్లో ఉంది, పదహారేళ్లు. రష్యా, చైనా, అమెరికా అందరూ ఉన్నారు అందులో.

హార్బర్_సుబ్బు #23
ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఆపడానికే మాకు ప్రాణం మీదకొస్తుంది. ఇంకా పట్టని చేపని పదహారేళ్లు పట్టబోమని రాసిచ్చారా! వీళ్లకి నా దండం.

మధ్యతరగతి_మనిషి #24
పట్టని చేప కాబట్టే రాసిచ్చారు సుబ్బన్నా.

పచ్చిపులుసు #25
మన దేశమోళ్లు గక్కడ ఏమన్న చేస్తున్రా, ఊకె చూస్తున్రా?

ట్రోంసో_తెలుగోడు #26
నార్వేకి ఉత్తరాన ఉన్న స్వాల్బార్డ్ దీవుల్లో న్యూ ఆలెసుండ్ అనే ఊళ్లో మన హిమాద్రి కేంద్రం ఉంది, 2008 నుంచి. దాని ముందున్న కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో (ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) 2014లో మనవాళ్లు ఇండార్క్ అని ఒక పరికరాల దండ నీళ్లలోకి దించారు, 192 మీటర్ల లోతున. వేడి, ఉప్పు, ప్రవాహం కొలుస్తుంది. ఆ ఫ్యోర్డ్ ఒకప్పుడు చలికాలంలో గడ్డకట్టేది. 2006 నుంచి ఆ మంచు సరిగా కట్టడం లేదు, అట్లాంటిక్ నీళ్లు లోపలికి వచ్చేస్తున్నాయి. దానికి దక్షిణాన ఉన్న ఇస్‌ఫ్యోర్డ్‌లో 2013లో మాకెరల్ కూడా కనిపించింది.

నిర్వాహకుడు #27
పులస వండే పద్ధతి మీద వచ్చిన మూడు పోస్టులు వంటల విభాగానికి మార్చాను. ఇక్కడ వద్దు.

అమ్మమ్మగారిల్లు #28
అన్యాయం. సరే, నాకో ప్రశ్న. సీల్, పక్షి, ట్రాలర్ అందరూ వచ్చారు. అక్కడ ఉండే మనుషులు ఏం తింటున్నారు? వాళ్లకి తేడా తెలుస్తోందా?

ధ్రువపుచలి #29
తెలుస్తోందండీ, మాకంటే ముందు తెలుస్తుంది. కోల్విల్ డెల్టాలో నుయిక్సుట్ అని ఇనూపియాట్ అనే స్థానిక జాతివాళ్ల ఊరుంది. అక్టోబర్, నవంబర్‌లలో నది మంచుకి కన్నాలు పెట్టి, కింద వలలు సాగదీసి ఆర్కిటిక్ సిస్కో పడతారు. వాళ్ల మాటలో కాక్తక్. కొవ్వు పట్టిన చేప, గడ్డకట్టిందాన్ని అలాగే కోసుకుని తింటారు (#2 గారూ, మీరు జోక్ వేశారు గానీ నిజమే).

ఆ చేప పుట్టేది అక్కడ కాదు. కెనడాలో, మెకెంజీ నదిలో. పిల్లలు వేసవిలో సముద్రంలోకి వచ్చాక తూర్పు గాలి నిలకడగా వీస్తే ఆ ఒడ్డు నీళ్ల పట్టీతో పాటు అయిదారు వందల కిలోమీటర్లు పడమటికి కొట్టుకొచ్చి కోల్విల్‌లో చేరతాయి. గాలి కుదరని ఏడాది రావు. ఆ లోటు అయిదారేళ్ల తర్వాత వలలో కనిపిస్తుంది. అందుకే ప్రూడో బేలో చమురు కోసం సముద్రంలోకి వెస్ట్ డాక్, ఎండికాట్ అనే కంకర కట్టలు వేసినప్పుడు గొడవైంది. ఒడ్డు పట్టీకి అడ్డం పడితే చేప పిల్ల ఎటు వెళ్తుంది? తర్వాత వాటికి మధ్యలో గండ్లు పెట్టారు. 1981 నుంచి లెక్కలు ఉండటానికి కారణం వాతావరణం కాదు, ఆ కట్టలూ చమురూ. అనుకోకుండా ఇప్పుడు దీనికి పనికొస్తున్నాయి.

కాబట్టి వాళ్ల చేపకి నీళ్ల వేడి ఒక్కటే లెక్క కాదు. గాలి ఎటు, ఎన్నాళ్లు అన్నది ముఖ్యం. వేడి వల్ల పెరుగుదల బాగుండి, గాలి దెబ్బకొడితే ఆ పెరుగుదల ఏం చేసుకుంటారు?

లెక్కలమాస్టారు #30
ఇది నాకు నచ్చింది. ఒక్క సంఖ్యతో తేల్చలేదు. అయిదారేళ్ల ఆలస్యం అన్నారే, అలాంటి చోటే జనం తప్పు లెక్క వేస్తారు. ఈ ఏడు చేప బాగా పడిందని ఈ ఏడు గాలిని మెచ్చుకుంటారు.

అమ్మమ్మగారిల్లు #31
శాల్మన్ కూడా పైకి వస్తోందని చదివాను. అది వాళ్లకి వరమే కదా?

ధ్రువపుచలి #32
పింక్, చమ్ రెండూ వస్తున్నాయి. 2023 శరదృతువులో కోల్విల్‌కి ఉపనదులైన ఇట్కిల్లిక్, అనక్తువుక్‌లలో చమ్ శాల్మన్ గుడ్లు పెడుతూ, పెట్టేసి కనిపించాయి. కెనడా వైపు ఊళ్లలో శాల్మన్ పడితే తెచ్చి ఇమ్మని, ఇస్తే బహుమతి ఇస్తామని 2000 నుంచి ఒక కార్యక్రమమే నడుస్తోంది.

వరమా అంటే, కొందరు సంతోషిస్తున్నారు. కొందరు ముసలివాళ్లు డాలీ వార్డెన్ గుడ్లు పెట్టే చోట ఇవి గుంటలు తవ్వితే ఎలా అని అడుగుతున్నారు. కింద అలాస్కాలోని యూకాన్ నదిలో 2021లో చమ్ కుప్పకూలింది, తిండి కోసం పట్టుకునే వేట కూడా మూసేశారు. అక్కడ తరతరాలుగా దాని మీదే బతికినవాళ్లకి లేదు, ఇక్కడ దాన్ని ఎలా ఎండబెట్టాలో అలవాటు లేనివాళ్లకి వస్తోంది.

దాచుకునే చోటు కూడా పోతోంది. గడ్డకట్టిన నేలలో తవ్విన గాదెలుంటాయి వాళ్లకి. కాక్తోవిక్, ఉట్కియాగ్విక్ అనే తీరం ఊళ్లలో వాటిలోకి నీరు చేరుతోంది. #2 గారి ఉచిత ఫ్రిజ్ అదే.

పచ్చిపులుసు #33
జోక్ ఏసిన పాపానికి రెండు సార్లు అంటిచ్చినవు తమ్మీ. ఒప్పుకున్న.

కొత్తసభ్యుడు_07 #34
పీతలు పోయాయి అంటారు కదా, దానికీ దీనికీ సంబంధం ఉందా

ట్రోంసో_తెలుగోడు #35
అది బేరింగ్ సముద్రం, కిందది. కానీ కథ దగ్గరదే. చలికాలం మంచు వల్ల అడుగున 2 డిగ్రీలకి తక్కువ నీళ్ల మడుగు ఒకటి వేసవంతా నిలుస్తుంది. పసిఫిక్ కాడ్, పొలాక్ ఆ మడుగు దాటి ఉత్తరానికి వచ్చేవి కాదు, గోడలా ఆపేది. 2018లో మంచు లేక ఆ మడుగు దాదాపు మాయమైంది, అవి పైకి ఎగబాకాయి. 2018, 2021 మధ్య వెయ్యి కోట్లకు పైగా స్నో క్రాబ్‌లు లేకుండా పోయాయి. 2022లో మొదటిసారి ఆ వేట సీజన్ రద్దు చేశారు. తర్వాత తేలిందేమిటంటే ఎక్కువగా ఆకలితో చచ్చాయని. వెచ్చటి నీళ్లలో తిండి అవసరం పెరిగింది, తిండి పెరగలేదు.

గోదారిగట్టు #36
#18, #35 రెండూ ఒకటే మాట. వేడెక్కింది, మేత లేదు. నా చెరువులో అయితే దాన్ని స్టాకింగ్ ఎక్కువైంది అంటాం, కొంత పట్టి అమ్మేస్తాం.

అయినా ఒక మాట. వైట్‌ఫిష్ పిల్ల బాగా పెరుగుతోందని #4లో మీరే అన్నారు. అంటే నేను పూర్తిగా తప్పు కాదు.

ధ్రువపుచలి #37
కాదు. మీరు పూర్తిగా తప్పని నేనెక్కడా అనలేదు. మీ చేపకి మీరు చెప్పింది నిజం, పోలార్ కాడ్‌కి కాదు. వలలో పడ్డవన్నీ కలిపి "చేపలు" అంటేనే గొడవ.

గోదారిగట్టు #38
ఈ అక్టోబర్ ఆ ఊళ్లో కాక్తక్ ఎలా పడుతోంది? మీకు తెలిసినవాళ్లున్నారా?

ధ్రువపుచలి #39
నిన్న ఒక స్నేహితురాలికి మెసేజ్ పెట్టా. నది ఇంకా గట్టిగా కట్టలేదట. వల వేయాలంటే ముందు మంచు మీద మనిషి నిలబడాలి కదా. వాళ్ల నాన్న రోజూ పొద్దున్నే వెళ్లి ఇనప కడ్డీతో పొడిచి చూసి తిరిగొస్తున్నాడట.

గోదారిగట్టు #40
సరే, వేశాక చెప్పండి. నా పట్టుబడి కూడా ఇంకో మూడు వారాల్లో ఉంది. ఎవరిది ముందో చూద్దాం.